ఫ్రాంక్లిన్ వచ్చిన దారి

1968 ఏప్రిల్ 15న లాస్ ఏంజెలెస్‌లో హ్యారియెట్ గ్లిక్‌మన్ అనే ఆవిడ చార్లెస్ షుల్జ్‌కు ఒక ఉత్తరం టైపు చేసింది. ఆమె బడిలో పాఠాలు చెప్పిన మనిషి, ముగ్గురు పిల్లల తల్లి, తెల్లజాతి స్త్రీ. షుల్జ్‌తో ఆమెకు ముఖపరిచయం లేదు. ఆయన గీసే 'పీనట్స్' బొమ్మల కథను పొద్దున్నే పత్రిక తెరిచి చదివే లక్షలాది మందిలో ఆమె ఒకరు, అంతే. అంతకు పదకొండు రోజుల ముందు, ఏప్రిల్ 4న, మెంఫిస్ నగరంలో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. సమ్మెలో ఉన్న పారిశుద్ధ్య కార్మికులకు అండగా నిలవడానికి ఆయన ఆ ఊరు వెళ్లాడు. హత్య వార్త తెలియగానే వందకు పైగా నగరాలు అట్టుడికిపోయాయి. ఇంత ద్వేషాన్ని, ఇంత భయాన్ని తగ్గించడానికి ఇంట్లో కూర్చున్న నేను ఏం చేయగలను అన్నది గ్లిక్‌మన్‌ను తొలిచేసిన ప్రశ్న. ఆమెకు దొరికిన జవాబు ఆ ఉత్తరం.

అడిగింది చిన్న కోరికే. మీ కథలో నల్లజాతి పిల్లలు ఎందుకు ఉండకూడదు అని. పీనట్స్ పిల్లలు బేస్‌బాల్ ఆడతారు, గాలిపటాలు ఎగరేస్తారు, చర్చికి వెళ్తారు, బడికి వెళ్తారు. వాళ్ల మధ్యకి నల్ల పిల్లలు వచ్చి చేరితే పెద్ద అలజడి లేకుండా జరిగిపోతుందని, పిల్లలు తెలియకుండానే నేర్చుకునే భావాల మీద ఇలాంటి బొమ్మల ప్రభావం ఎంతో ఉంటుందని రాసింది. బొమ్మలను పత్రికలకు అమ్మే సిండికేటు వాళ్లు ఒప్పుకోకపోవచ్చనీ, ఆ ఒత్తిడిని తట్టుకునే పేరు ప్రతిష్ఠలు మీకున్నాయనీ కూడా గుర్తు చేసింది. ఉత్తరం చివర్లో ఒక మాట అంది. ఆ కొత్త పిల్లల్ని మిగతావాళ్ల లాగే ముద్దుగా గీయండి, కానీ వాళ్లకూ ఒక లూసీ ఉండనివ్వండి అని.

పీనట్స్ చదవనివాళ్లకు లూసీ ఎవరో చెప్పాలి. కథానాయకుడు చార్లీ బ్రౌన్ పరుగెత్తుకొచ్చి బంతిని తన్నబోతుంటే సరిగ్గా ఆ క్షణానికి బంతిని లాగేసే పిల్ల. వాడు వెల్లకిలా పడతాడు. ఏటేటా నమ్ముతాడు, ఏటేటా పడతాడు. తమ్ముడు లైనస్ మీద గయ్యిమంటుంది. వీధిలో చిన్న కొట్టు పెట్టి అయిదు సెంట్లు పుచ్చుకుని మానసిక సలహాలు ఇస్తుంది. గొణుగుతుంది, అరుస్తుంది, అహంకారంతో మిడిసిపడుతుంది. అయినా ఆ పిల్లను చూసి ఎవరూ తెల్లవాళ్లంతా ఇంతే అనుకోలేదు. లూసీ కోపం లూసీదే. తన తప్పు తనదిగానే ఉండటం, మొత్తం జాతి నెత్తికి ఎక్కకపోవడం, అమెరికాలో తెల్ల పిల్లలకు అడక్కుండానే దక్కిన సౌకర్యం. జాతి ఆధిక్యం గురించి పెద్ద పెద్ద పుస్తకాలు వచ్చాయి. ఆ ఒక్క కోరికలో గ్లిక్‌మన్ అందుకున్నంత లోతు వాటిలో చాలావాటికి అందలేదని నా నమ్మకం. నల్ల పిల్లకు బుద్ధిమంతురాలిగా ఉండే అవకాశం ఇస్తే సరిపోదు, గయ్యాళిగా ఉండే అవకాశం కూడా ఇవ్వాలి అని ఆమె అడిగింది.

పీనట్స్ అప్పటికి ఎంత పెద్దదో తెలిస్తే ఈ కోరిక బరువు తెలుస్తుంది. 1950 అక్టోబర్ 2న ఏడు పత్రికల్లో మొదలైన ఆ కథ 1965 నాటికి 'టైమ్' పత్రిక ముఖచిత్రమైంది. ఆ ఏడాది చివర్లో వచ్చిన క్రిస్మస్ టీవీ చిత్రం ఇప్పటికీ ఇంటింటి పండగ ఆచారం. ఈ ఉత్తరం రాసిన మరుసటి ఏడాది, 1969 మేలో, అపోలో 10 చంద్రుడి దాకా వెళ్లినప్పుడు వ్యోమగాములు తమ నౌకకు చార్లీ బ్రౌన్ అని, చంద్రుడి దగ్గరికి దిగిన భాగానికి స్నూపీ అని పేరు పెట్టుకున్నారు. అంత ప్రేమ దక్కిన కథలో పద్దెనిమిదేళ్ల పాటు ఒక్క నల్ల పిల్లవాడు లేడు.

ఇందులో షుల్జ్ ఒక్కడి లోపమే లేదు. ఆ వ్యాపారం నడిచే తీరే అలా ఉండేది. కార్టూనిస్టు గీసిన బొమ్మను సిండికేటు అనే సంస్థ వందల పత్రికలకు ఒకేసారి అమ్ముతుంది. న్యూయార్క్ పత్రికకూ, మిసిసిపీలోని చిన్న ఊరి పత్రికకూ వెళ్లేది అదే బొమ్మ. ఎక్కడో ఒక సంపాదకుడికి నచ్చకపోతే ఆ పత్రిక చందా పోతుంది. పదిమందికి నచ్చకపోతే పది చందాలు పోతాయి. అందుకని అందరిలోకీ సంకుచితంగా ఆలోచించే సంపాదకుడికి ఏది నచ్చదో, అది దేశంలో ఎవరికీ కనపడకుండా పోయేది. ఎవరూ నిషేధం రాయక్కర్లేదు, ఆదాయ భయం చాలు.

అంతకుముందు పత్రికల బొమ్మల్లో నల్లవాళ్లు బొత్తిగా లేరని కాదు. ఉండేవారు, ఎలా ఉండేవారన్నదే బాధ. 1940లో విల్ ఐస్నర్ మొదలుపెట్టిన 'ది స్పిరిట్'లో ఎబొనీ వైట్ అనే కుర్రాడు ఉన్నాడు. ఉబ్బిన పెదాలు, మిడిగుడ్లు, వంకర ఇంగ్లీషు. గొప్ప చిత్రకారుడిగా పేరున్నవాడు గీసినా అది వెక్కిరింత బొమ్మే. నల్లవాళ్లను మనుషుల్లా గీసిన బొమ్మలు నల్లవాళ్లు నడిపిన పత్రికల్లోనే ఉండేవి. 'పిట్స్‌బర్గ్ కొరియర్'లో 1937లో జాకీ ఆర్మ్స్ మొదలుపెట్టిన 'టార్చీ బ్రౌన్' ఒకటి. ఆమే 1945 నుంచి గీసిన ప్యాటీ జో అనే చిన్నపిల్ల చురుకైన నోటితో జాతి వివక్షను, రాజకీయాలను దులిపేసేది. అంటే గ్లిక్‌మన్ అడిగిన నల్లజాతి లూసీ ఇరవయ్యేళ్ల కిందటే పుట్టింది. తెల్ల పాఠకులు ఆ పత్రికలు కొనరు కాబట్టి వాళ్లకు తెలియలేదు.

ఇక్కడ జార్జ్ హెరిమన్ సంగతి చెప్పకుండా ఉండలేను. 1913 నుంచి 1944 దాకా నడిచిన ఆయన 'క్రేజీ క్యాట్' కార్టూనిస్టులకు గురుపీఠం లాంటిది, షుల్జ్‌కు కూడా దాని మీద ఎంతో గౌరవం. హెరిమన్ బతికినంత కాలం తెల్లవాడిగా చలామణీ అయ్యాడు. 1971లో, ఆయన పోయిన ఇరవై ఏడేళ్లకు, న్యూ ఆర్లియన్స్‌లో ఆయన జనన పత్రం బయటపడింది. అందులో ఆయన్ను నల్లజాతి బిడ్డగా నమోదు చేశారు. తెల్ల పత్రికల్లో నల్లవాడి చోటు ఎంత ఇరుకో చెప్పడానికి ఆ ఒక్క జీవితం సరిపోతుంది. లోపలికి రావాలంటే తన పుట్టుకను గుమ్మం బయటే వదిలి రావాల్సి వచ్చింది.

మారీ టర్నర్ అలా వదిలేయలేదు. ఓక్‌లండ్‌లో పుట్టిన ఈ నల్లజాతి చిత్రకారుడికి షుల్జ్ స్నేహితుడు, మార్గదర్శి. బొమ్మల కథల్లో మా పిల్లలు ఎందుకు లేరన్న ప్రశ్న ఆయన మనసులో మెదిలినప్పుడు, నువ్వే గీయవచ్చు కదా అని షుల్జ్ ప్రోత్సహించాడు. టర్నర్ గీశాడు. 1965లో 'వీ పాల్స్' మొదలైంది. అన్ని జాతుల పిల్లలూ ఒకే వీధిలో కలిసి ఆడుకునే కథ, సిండికేటు ద్వారా దేశమంతటికీ వెళ్లిన ఒక నల్లజాతి చిత్రకారుడి కథ. కానీ కొన్న పత్రికలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఏళ్లు గడిచినా ఆ సంఖ్య పెద్దగా పెరగలేదు. కింగ్ హత్య జరిగాక కొద్ది నెలల్లోనే ఆ కథ వేసే పత్రికలు వంద దాటాయి. ఆ బొమ్మలు రాత్రికి రాత్రి బాగుపడలేదు. సంపాదకుల గదుల్లో ఉలికిపాటు పుట్టింది, అంతే. తన జీవితంలో పెద్ద విజయం తాను ఆరాధించే మనిషి చావు వల్ల వచ్చిందన్న బాధ టర్నర్‌ను చివరి దాకా వదల్లేదు.

టర్నర్ కథను, షుల్జ్ తర్వాత గీసిన నల్ల కుర్రాడు ఫ్రాంక్లిన్ కథకు పిట్టకథగా చెప్పడం నాకు ఇష్టం లేదు. 1965లోనే ఆ పిల్లలందరూ సిద్ధంగా ఉన్నారు, గీసే చేయీ సిద్ధంగా ఉంది. కొనేవాళ్లే లేరు. అదే పిల్లవాణ్ని షుల్జ్ గీస్తే మర్నాటికి దేశమంతా చూస్తుంది. గ్లిక్‌మన్ ఆ తేడాను బాగా ఎరిగిన మనిషి, అందుకే ఆ తలుపు తట్టింది.

ఆ వసంతకాలం గాలి ఎలా వీచిందో రెండు ఉదంతాలు చాలు. ముందటి ఏడాది డెట్రాయిట్‌లో, న్యూఆర్క్‌లో అల్లర్లు ఎందుకు జరిగాయో తేల్చడానికి అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ ఫిబ్రవరి 29న నివేదిక ఇచ్చింది. దేశం నల్లగా ఒకటి, తెల్లగా ఒకటి, రెండు సమాజాలుగా చీలుతోందని హెచ్చరించింది. పత్రికల మీద ఏకంగా ఒక అధ్యాయం రాసింది. అమెరికా పత్రికలు తెల్లవాళ్ల లోకంలో కూర్చుని అక్కడినుంచే బయటికి చూస్తున్నాయని, వార్తా సంస్థల సంపాదకీయ ఉద్యోగాల్లో నల్లవాళ్లు 5 శాతం కూడా లేరని, పై పదవుల్లో 1 శాతం కూడా లేరని లెక్క చెప్పింది. ఇక రెండోది టీవీ సంగతి. ఆ ఏప్రిల్‌లోనే గాయని పెటులా క్లార్క్ కార్యక్రమం ప్రసారమైంది. అందులో ఆమె పాడుతూ నల్లజాతి గాయకుడు హ్యారీ బెలఫాంటే చేతిని పట్టుకుంటుంది. చిత్రీకరణ నాడే ప్రాయోజక కార్ల కంపెనీ ప్రతినిధి ఆ స్పర్శను తీసేయమని పట్టుబట్టాడు. క్లార్క్ ఒప్పుకోలేదు. ఒక ఆడమనిషి ఒక మగమనిషి మోచేతి మీద చేయి వేయడం జాతీయ వివాదమైన రోజులవి.

షుల్జ్ ఏప్రిల్ 26న జవాబు రాశాడు. సూచనకు కృతజ్ఞతలు, కానీ నాలాంటి కార్టూనిస్టులందరికీ ఒకటే ఇబ్బంది, మేమేదో పెద్దమనసు చేసుకుని నల్లజాతి మిత్రులను దయతలచి చేరదీసినట్టు కనిపిస్తుందేమోనని భయం, దీనికి పరిష్కారం ఏమిటో నాకు తెలియదు అన్నాడు. ఆ భయం నిజమైనదే. చిన్నచూపు దయ రూపంలో వస్తే ఇంకా ఎక్కువ నొప్పి పెడుతుంది. అయితే ఆ భయాన్ని మోస్తూ ఊరుకున్నవాడికి నష్టమేమీ లేదు. నష్టమంతా బొమ్మల్లో తమను వెతుక్కునే పిల్లలకే. మంచివాళ్ల సంకోచం ఏళ్ల తరబడి చెడ్డవాళ్ల నిషేధం చేసే పనే చేస్తుంది.

గ్లిక్‌మన్ ఆ జవాబుతో తృప్తి పడలేదు, వాదనకూ దిగలేదు. ఆమె చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. మీ ఉత్తరాన్ని నా నల్లజాతి స్నేహితులకు చూపించవచ్చా, వాళ్ల అభిప్రాయం మీకు పంపుతాను అని అడిగింది. నల్లవాళ్లు నొచ్చుకుంటారేమో అని ఇద్దరు తెల్లవాళ్లు ఉత్తరాల్లో ఊహించుకునే బదులు నల్లవాళ్లనే అడగడం ఎంత మామూలు ఆలోచన! అయినా అంతవరకూ ఎవరికీ తట్టలేదు. షుల్జ్ సరే అన్నాడు. ఆ మాట రాస్తూనే, ఆలోచించేకొద్దీ నేను ఈ పని చేయడం తప్పవుతుందేమో అనిపిస్తోందని కూడా రాశాడు.

జూన్ మొదటి వారంలో ఆ స్నేహితుల్లో ఒకడైన కెనెత్ కెలీ షుల్జ్‌కు ఉత్తరం రాశాడు. లాస్ ఏంజెలెస్‌లోనే రాబర్ట్ కెన్నెడీని కాల్చి చంపిన వారం అది. కెలీ ఇంజినీరు, యాంటెన్నాల నిపుణుడు, ఇద్దరు పిల్లల తండ్రి. నల్లవాళ్లకు ఇల్లు అమ్మని పేటల్లో ఆ హక్కు కోసం పనిచేసినవాడు. ఆయన రాసింది సూటిగా ఉంది. దయ చూపిస్తున్నారన్న నింద వస్తే రానివ్వండి, దక్కే మేలుతో పోలిస్తే అది చాలా చిన్న మూల్యం అన్నాడు. మా పిల్లలు అమెరికా బతుకు చిత్రంలో తమను కూడా చూసుకుంటారు, రెండు జాతుల పిల్లలు కలిసి మెలిసి ఉండటం మామూలు సంగతిలా అందరి కళ్లకూ ఆనుతుంది అన్నాడు. ముందే ఆ పిల్లవాణ్ని నాయకుణ్ని చేయనక్కర్లేదు, గుంపులో ఒకడిగా తీసుకురండి, చాలు అన్నాడు. గ్లిక్‌మన్ మరో స్నేహితురాలు కూడా అలాంటి ధైర్యమే చెబుతూ రాసింది.

గ్లిక్‌మన్ లూసీని అడిగింది. కెలీ గుంపులో ఒకణ్ని అడిగాడు. నల్లజాతి తండ్రి తక్కువ అడగడం, తెల్లజాతి తల్లి ఎక్కువ అడగడం నన్ను చాలా సేపు ఆలోచనలో పడేసింది. తలుపు మూసుకుపోతే ఏం పోతుందో కెలీకి అనుభవంలో తెలుసు. ముందు లోపలికి రానివ్వండి, మిగతాది తర్వాత అన్నది అనుభవం నేర్పిన లెక్క. ఎక్కువ అడిగి కాదనిపించుకున్నా బతుకు మారని మనిషికి ఉండే స్వేచ్ఛ ఆయనకు లేదు.

జూలై 1న షుల్జ్ గ్లిక్‌మన్‌కు కబురు పంపాడు. మొదటి అడుగు వేశాను, జూలై 29తో మొదలయ్యే వారం పత్రిక చూడండి అని. (అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఆ తేదీతో వేరే బంధం ఉంది. దేశాల వారీగా, జాతుల వారీగా వలసలను తూచే పాత కోటాలను తీసేసిన 1965 నాటి చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది 1968 జూలై 1నే. పౌరహక్కుల ఉద్యమం ఆ చట్టానికి నేల సిద్ధం చేసింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు నడిచి వెళ్లిన తలుపును తెరిచిన చేతుల్లో కింగ్ వెంట నడిచినవాళ్ల చేతులూ ఉన్నాయి.)

జూలై 31, బుధవారం. సముద్రపు ఒడ్డున ఇసుక కోట కడుతున్న చార్లీ బ్రౌన్ దగ్గరికి ఒక నల్ల కుర్రాడు బంతి పట్టుకొస్తాడు. ఈ బంతి నీదేనా అని అడుగుతాడు. నేను అటు ఈదుతుంటే కొట్టుకొచ్చింది అంటాడు. మా చెల్లెలు నీళ్లలోకి విసిరేసింది అని చార్లీ బ్రౌన్ చెబుతాడు. కుర్రాడు ఇసుక కోట వైపు చూసి కాస్త వంకరగా ఉందే అంటాడు. జరిగింది అంతే. ఎవరూ ఆశ్చర్యపోరు, ఎవరూ రంగు ఊసెత్తరు. షుల్జ్ వాడి ముఖాన్ని సిరాతో నల్లగా నింపేయలేదు. సన్నటి ఏటవాలు గీతలతో ఒంటి రంగు చూపించాడు. కళ్లు, ముక్కు, నోరు మిగతా పిల్లలకు ఉన్నట్టే. పాత వెక్కిరింత బొమ్మల అలవాటును ఆ సన్నగీతలు పక్కకు నెట్టేశాయి.

ఇవాళ చూసేవాళ్లకు ఆ సముద్రపు ఒడ్డు వట్టి వేసవి సెలవుల నేపథ్యంలా ఉంటుంది. 1968లో అమెరికాలో నీటి ఒడ్డు అంటే అంత తేలిక కాదు. 1919 జూలై 27న షికాగోలో యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ల నల్ల కుర్రాడు మిషిగన్ సరస్సులో తెప్ప మీద ఆడుకుంటూ, తెల్లవాళ్లు తమదనుకున్న నీళ్లలోకి కొట్టుకుపోయాడు. నీటి మీద గీత ఎవరికీ కనపడదు. ఒడ్డున ఉన్న తెల్లవాడు రాళ్లు విసిరాడు, కుర్రాడు మునిగి చనిపోయాడు. రాళ్లు విసిరినవాణ్ని పోలీసులు అరెస్టు చేయలేదు. తర్వాత చెలరేగిన అల్లర్లలో 38 మంది పోయారు, వాళ్లలో 23 మంది నల్లవాళ్లు. లాస్ ఏంజెలెస్ పక్కనే మాన్‌హాటన్ బీచ్‌లో విల్లా, చార్లెస్ బ్రూస్ దంపతులు 1912లో స్థలం కొని నల్లవాళ్ల కోసం నడిపిన విహార స్థలాన్ని పార్కు కడతామన్న సాకుతో 1920లలో ఊరి పాలకులు లాక్కున్నారు. వాళ్ల వారసులకు ఆ నేల తిరిగి దక్కింది 2022లో. మిసిసిపీలోని బిలాక్సీలో డాక్టర్ గిల్బర్ట్ మేసన్ నాయకత్వంలో నల్లవాళ్లు సముద్రంలోకి దిగడమే నిరసనగా చేశారు. 1960 ఏప్రిల్‌లో వాళ్లను కర్రలతో, గొలుసులతో కొట్టారు. ఆ తీరం అందరిదీ అని కోర్టు తేల్చింది 1968లో.

అదే ఏడాది షుల్జ్ ఒక నల్ల కుర్రాణ్ని అందరి నీళ్లలో ఈదించి, బంతితో ఒడ్డుకు నడిపించాడు. ఈ చరిత్రంతా తెలిసే ఆ చోటు ఎంచుకున్నాడని నేను అనను. కానీ ఆ బొమ్మ చూసిన నల్లజాతి తల్లిదండ్రులకు ఆ చరిత్ర తెలుసు.

మర్నాడు ఇద్దరూ కోట కడుతూ మాట్లాడుకున్నారు. ఇంటిల్లిపాదీ వచ్చారా అని చార్లీ బ్రౌన్ అడిగితే, మా నాన్న వియత్నాంలో ఉన్నాడు అంటాడు ఫ్రాంక్లిన్. మా నాన్న మంగలి, ఆయన కూడా ఏదో యుద్ధానికి వెళ్లాడు, ఏ యుద్ధమో నాకు తెలియదు అంటాడు చార్లీ బ్రౌన్. షుల్జ్ తండ్రి నిజంగానే మంగలి. షుల్జ్ రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపాలో పోరాడిన సైనికుడు. వియత్నాం యుద్ధపు తొలి ఏళ్లలో చనిపోయిన అమెరికన్ సైనికుల్లో నల్లవాళ్ల వాటా జనాభాలో వాళ్ల వాటాను మించిపోయింది. దేశం కోసం ప్రాణం ఒడ్డుతున్న తండ్రి, ఆ దేశంలోనే అన్ని ఒడ్లకూ వెళ్లలేని కొడుకు. ఆ చేదును షుల్జ్ వివరించలేదు. ఒక్క వాక్యంలో చెప్పించి మళ్లీ ఇసుక తవ్వించాడు. మూడో రోజు చార్లీ బ్రౌన్ వెళ్లిపోతూ, మీ అమ్మనడిగి మా ఇంటికి రా, రాత్రి మా ఇంట్లోనే ఉండొచ్చు, బేస్‌బాల్ ఆడుకుందాం అని పిలిచాడు. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్ష చూపకూడదన్న చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు.

సిండికేటు అధిపతి లారీ రట్మన్ బొమ్మల్ని కాస్త మార్చమని అడిగాడని షుల్జ్ తర్వాత కాలంలో చెప్పాడు. నేను గీసింది గీసినట్టు వేస్తారా, నన్ను మానేయమంటారా అని తాను తిరిగి అడిగానన్నాడు. అలా అడగగల స్థితిలో అప్పటి అమెరికాలో చాలా కొద్దిమంది కార్టూనిస్టులే ఉన్నారు. టర్నర్ ఆ మాట అంటే సరే మానెయ్ అనేవారు. దక్షిణాది సంపాదకుడు ఒకాయన, నల్ల పిల్లవాడు ఉంటే మాకేం అభ్యంతరం లేదు గానీ వాళ్లను తెల్ల పిల్లలతో కలిపి ఒకే బడిలో చూపించకండి అని రాశాడు. బడుల్లో వేర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చి పద్నాలుగేళ్లయింది. తాత్సారం ఇక చాలు, వెంటనే అమలు చేయండి అని వర్జీనియా కేసులో అదే కోర్టు మళ్లీ గద్దించింది 1968 మేలోనే. షుల్జ్ ఆ ఉత్తరానికి జవాబు ఇవ్వలేదు. ఫ్రాంక్లిన్‌ను పెపర్‌మింట్ ప్యాటీ అనే తెల్ల పిల్ల బల్ల ముందే కూర్చోబెట్టి ఏళ్ల తరబడి బడి బొమ్మలు గీశాడు.

ఆ అక్టోబర్‌లో ఫ్రాంక్లిన్ చార్లీ బ్రౌన్ పేటకు వస్తాడు. నా లెక్కలో షుల్జ్ ఫ్రాంక్లిన్‌తో చేసిన పనిలో మేలైనది ఇదే. వీధిలో డబ్బు తీసుకుని వైద్యం చేస్తానంటున్న చిన్నపిల్లను చూస్తాడు, పెద్ద గుమ్మడికాయ ఆకాశం నుంచి దిగి వస్తుందని నమ్మే కుర్రాణ్ని చూస్తాడు, తనను యుద్ధ విమాన చోదకుడనుకునే కుక్కను చూస్తాడు. బెంబేలెత్తి ఇంటికి వెళ్లిపోతాడు. అప్పటిదాకా అమెరికా బొమ్మల్లో నల్లవాడే వింత, చూసేది తెల్లవాళ్ల కళ్లు. ఆ వారం మాత్రం చూసే కళ్లు నల్ల పిల్లవాడివి, తెల్ల శివారు వింతగా తేలింది. ఫ్రాంక్లిన్‌కు ఒక చూపు దొరికిన వారం అది.

తర్వాత ఆ చూపు మసకబారింది. ఫ్రాంక్లిన్ బుద్ధిమంతుడయ్యాడు. బాగా చదువుతాడు, మర్యాదగా మాట్లాడతాడు, తాత గురించి ప్రేమగా చెబుతాడు. లైనస్‌కు దుప్పటి లేకపోతే ఊపిరాడదు, ష్రోడర్‌కు బీథోవెన్ పిచ్చి, చార్లీ బ్రౌన్‌కు ఓటమే నేస్తం. ఫ్రాంక్లిన్‌కు ఏ పిచ్చీ లేదు, ఏ భయమూ లేదు. పీనట్స్ లోకంలో లోపమే మనిషి ముఖం. అక్కడ లోపం లేనివాడికి ముఖం ఉండదు. కెలీ అడిగిన గుంపులో ఒకడు వచ్చాడు, గ్లిక్‌మన్ అడిగిన లూసీ రాలేదు. నల్ల పిల్లవాడిగా పెరగడం ఎలా ఉంటుందో నాకు తెలియదు, అందుకే ఫ్రాంక్లిన్‌తో ఎక్కువ చేయలేదు అని షుల్జ్ తానే ఒప్పుకున్నాడు. నిజాయితీ ఉన్న మాటే. అయితే ఆయన ఆడపిల్ల కాకుండానే లూసీని గీశాడు, పిట్టలా బతక్కుండానే వుడ్‌స్టాక్ అనే పిట్టను గీశాడు. తెలియనితనం ఒక్క రంగు దగ్గరే ఆయన చేయి పట్టుకుంది. తప్పు గీస్తే నల్లవాళ్లు నొచ్చుకుంటారన్న గౌరవం ఒక పక్క, ఆ గౌరవంలోంచే పుట్టిన దూరం ఇంకో పక్క.

పొరపాట్లూ జరిగాయి. 1973 నవంబర్ 20న ప్రసారమైన థ్యాంక్స్‌గివింగ్ టీవీ చిత్రంలో భోజనాల బల్లకు ఒక వైపు పిల్లలంతా కిక్కిరిసి కూర్చుంటే, ఎదుటి వైపు ఫ్రాంక్లిన్ ఒక్కడే మడత కుర్చీలో కూర్చున్నాడు. కావాలని చేశారని చెప్పలేం. ఎవరి కంటికీ అది కనపడకపోవడమే అసలు సంగతి. నల్ల ప్రేక్షకుల కంటికి మొదటి చూపులోనే ఆనేది, అది గీసినవాళ్లు, చూసి సరే అన్నవాళ్లు అందరి కళ్లనూ దాటిపోయింది. ఆ గదిలో నల్లవాడు ఒక్కడున్నా ఆ కుర్చీ అటు పడేది కాదు. మరుసటి ఏడు ఒక బొమ్మలో పెపర్‌మింట్ ప్యాటీ మంచు మైదానం దగ్గర ఫ్రాంక్లిన్‌తో గొడవపడుతూ, జాతీయ హాకీ లీగులో నల్ల ఆటగాళ్లు ఎంతమంది ఉన్నారేమిటి అని ఎత్తిపొడుస్తుంది. విల్లీ ఓరీ 1958లోనే ఆ లీగులో అడుగుపెట్టాడు. ఆ దెబ్బకు ఫ్రాంక్లిన్ చేత షుల్జ్ జవాబు చెప్పించలేదు. లూసీ అయితే ఊరుకునేదా?

ఆ జవాబులు రాసే మనిషి వేరే చోట పెరుగుతున్నాడు. 1968లో ఫిలడెల్ఫియాలో ఆరేళ్ల రాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్ పత్రికలో ఫ్రాంక్లిన్‌ను చూశాడు. అప్పటికే కార్టూనిస్టును అవుతానని ఇంట్లో చెప్పేసిన పిల్లవాడు. 1989లో 'జంప్‌స్టార్ట్' మొదలుపెట్టాడు. పోలీసు భర్త, నర్సు భార్య, పిల్లలు ఉన్న ఒక నల్లజాతి కుటుంబం కథ అది, ఆ కుటుంబంలో అందరికీ వాళ్ల వాళ్ల చాదస్తాలు, చిరాకులు ఉన్నాయి. షుల్జ్ ఆయనకు స్నేహితుడయ్యాడు. 1990లలో ఒక చిత్రం కోసం ఫ్రాంక్లిన్‌కు ఇంటిపేరు కావాల్సివస్తే, నీ పేరు పెట్టుకోనా అని ఫోన్ చేసి అడిగాడు. అప్పటి నుంచి వాడు ఫ్రాంక్లిన్ ఆర్మ్‌స్ట్రాంగ్.

షుల్జ్ 2000 ఫిబ్రవరి 12 రాత్రి చనిపోయాడు, ఆయన చివరి ఆదివారం బొమ్మ మర్నాడు పత్రికల్లో వచ్చింది. టర్నర్ 2014లో పోయాడు. గ్లిక్‌మన్ తన ఉత్తరాలను శాంటా రోసాలోని షుల్జ్ మ్యూజియానికి ఇచ్చి, ఆ కథ అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పి, 2020 మార్చిలో తొంభై మూడో ఏట కన్నుమూసింది. 2022లో పీనట్స్ సంస్థ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరిట హోవర్డ్, హ్యాంప్టన్ అనే రెండు నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో 2 లక్షల డాలర్ల నిధి పెట్టింది. బొమ్మలు, యానిమేషన్ నేర్చుకునే విద్యార్థులకు ఉపకారవేతనాలు దానినుంచే వెళ్తాయి.

2024 ఫిబ్రవరిలో ఫ్రాంక్లిన్ కథానాయకుడిగా ఒక టీవీ చిత్రం వచ్చింది. దాని రచయితల్లో రాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకడు. సైన్యంలో పనిచేసే తండ్రి బదిలీల వల్ల ఊరూరూ తిరిగే ఫ్రాంక్లిన్ అందులో కొత్త ఊళ్లో స్నేహితుల కోసం తంటాలు పడతాడు, పందెంలో గెలిచి తీరాలని మంకుపట్టు పడతాడు, చార్లీ బ్రౌన్‌తో పోట్లాడతాడు, రాజీపడతాడు. ఒకచోట భోజనాల బల్ల దగ్గర వాడు ఎదుటి వైపు ఒంటరిగా కూర్చోబోతుంటే లైనస్ పిలిచి తమ వైపు చోటిస్తాడు. ఆ సన్నివేశాన్ని రాసిన బృందంలో, 1973 నాటి కుర్చీని చూసి నొచ్చుకున్న మనిషి ఈసారి కలం పట్టుకుని కూర్చున్నాడు.